తోమిన బిళ్ల

ఫిబ్రవరి 20, మంగళవారం

ఈ డైరీ చిన్నోడిది. మందుల కంపెనీ వాళ్లు మా పెద్దదానికి ఇస్తే అది తమ్ముడికి ఇచ్చింది. వాడు ఒక్క పేజీ కూడా రాయలేదు. రాసే టైం లేకుండా పోయింది. ఖాళీ పేజీలు అలా వదిలేయబుద్ధి కాలేదు. అందుకని నేను రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే ఉండనీ. ఎవరు చూడొచ్చారు.

ఫిబ్రవరి 21, బుధవారం

ఏం రాయాలో తెలియలేదు.

ఫిబ్రవరి 23, శుక్రవారం

మళ్లీ క్యాంటీన్‌కి వెళ్తున్నాను. అక్కడ వంటాయన నాకు తోమడానికి పెద్ద గిన్నెలు వేయడం మానేశాడు. కప్పులూ స్పూన్లూ ఇస్తున్నాడు. జాలి కాబోలు. అడుగంటినవి ఏమైనా ఉంటే నాకే వెయ్యండి అని అడిగి తీసుకున్నాను. చేతులు ఊరుకుంటే బుర్ర ఊరుకోవడం లేదు.

ఇంటికొచ్చి కూడా తోముతున్నాను. తోమినవే మళ్లీ తోముతున్నాను. పక్క వాటా టైలరమ్మ గోడ కొట్టింది. ఏం తల్లీ, నీ కుళాయి మోత నా మిషను మోత కంటే ఎక్కువైంది, ఆ గిన్నెలకి చిల్లులు పడితే నేనే మాట్లు వేయాలి, కట్టేసి వచ్చి నా దగ్గర కూర్చో అంది. మా రెండు వంటిళ్లకీ మధ్య ఒకటే గోడ. ఈ పక్క దగ్గితే ఆ పక్కనుంచి మంచినీళ్లు తెస్తారు.

వెళ్లలేదు. తోముతూనే ఉన్నాను.

ఫిబ్రవరి 25, ఆదివారం

ఆదివారాలు మంచివి కావు.

చిన్నోడిది కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. ఇంటింటికీ తిరుగుతాడు. తిరిగేవాడు. మీటరు చూడటం అయ్యాక పాత బిళ్లలేమైనా ఉన్నాయా అండీ అని అడిగేవాడట. కొందరు నవ్వేవాళ్లు. కొందరు తలుపు మొహాన వేసేవాళ్లు. ముసలాళ్లు మాత్రం కూర్చోబెట్టి డబ్బాలు విప్పేవాళ్లు. బిళ్ల అనకే అమ్మా, నాణెం అనాలి, లేదంటే కాయిన్ అను అనేవాడు. నాకు బిళ్లే.

జనవరిలో ఒక ముసలావిడ గుండీల డబ్బాలోంచి రాగి బిళ్ల తీసి ఇచ్చింది. ఒక పక్క పడవ, ఇంకో పక్క అంకె. మాడిపోయిన మూకుడులా ఉంది. దాన్ని కిటికీలో పెట్టుకుని పెళ్లికూతుర్ని చూసినట్టు చూశాడు. మర్నాడు వాడు డ్యూటీకి వెళ్లాక నేనూ చూశాను. ఇంత నల్లదాన్ని ఇంత ముద్దు చేస్తున్నాడే, వాడొచ్చేసరికి మెరిపిద్దాం అనుకున్నాను. నాది ఎడమచేతి వాటం. కుడి బొటనవేలితో నొక్కి పట్టుకుని, ఎడమ చేత్తో స్టీలు పీచు పెట్టి, పొడి వేసి రుద్దాను. వేలు కింద ఉన్నంత మేరా నలుపు పోలేదు. మిగతాదంతా కొత్త గిన్నె.

సాయంత్రం వాడు చూసి నేల మీద కూలబడ్డాడు. చంపేశావే అమ్మా దీన్ని అన్నాడు. ఆ నలుపే దానికి ప్రాణమట. అది తీసేస్తే మనిషికి తోలు వొలిచినట్టట. పైగా అందరి పడవలకీ తెరచాప ఒక వైపు ఉంటే దీనికి రెండో వైపు పడిందట. బిళ్లలు కొట్టేచోట జరిగిన తప్పు. అలాంటివి పట్టుమని పది కూడా లేవట. కాసేపు తల పట్టుకుని, ఆ తర్వాత వాడే నవ్వడం మొదలుపెట్టాడు. అక్కని పిలిచి చూపించాడు. చూడవే, లోకంలో మామూలు పడవలు ఎన్నైనా ఉంటాయి, మా అమ్మ వేలున్న పడవ ఇదొక్కటే అన్నాడు. ఫోను తీసి రెండు పక్కలా ఫోటోలు కొట్టాడు.

ఆ ఆదివారం దాన్ని షర్టు జేబులో వేసుకుని బయల్దేరాడు. ఒకాయనకి చూపించి వస్తాను, పెద్దాయన, బాగా తెలిసినాయన అన్నాడు. పేరు చెప్పలేదు. నేను అడగలేదు. అన్నం వేళకి వచ్చేస్తానన్నాడు.

గోడౌన్ల రోడ్డులో కట్టడం ఆగిపోయిన మేడ ఒకటుంది. పిట్టగోడ లేదు. దాని కింద దొరికాడు.

పైకెక్కి ఫోటో తీసుకుంటూ కాలు జారాడన్నారు. ఫోను ఉంది. పర్సు ఉంది. వాచీ ఉంది. బిళ్ల లేదు. ఎస్సైకి చెప్పాను. దొర్లి ఎక్కడో పడుంటుందిలే అమ్మా, దొంగైతే వాచీ వదులుతాడా అన్నాడు. ఫోనులో ఆ రోజు తీసిన ఫోటో ఒక్కటీ లేదని పెద్దది చెప్పింది. తీయబోతుండగానే జారాడేమో అన్నాడు. ఆయన దగ్గర అన్నిటికీ జవాబుంది.

ఆ పెద్దాయన ఎవరు. నాకు అదొక్కటే కావాలి. చివరిసారి నా కొడుకుతో మాట్లాడింది ఎవరు. పరామర్శకి వచ్చినవాళ్లలో అలాంటి మనిషి లేడు. రమ్మని పిలిపించుకున్న మనిషి, కుర్రాడు పోయాడని తెలిసి కూడా ఎందుకు రాలేదు.

ఫిబ్రవరి 27, మంగళవారం

చిన్నోడి ఫోనుకి పెద్దది రోజూ చార్జింగ్ పెడుతుంది. ఎందుకని నేను అడగను, అది చెప్పదు. ఈ రోజు దానికి మెసేజ్ వచ్చింది. ఈ ఆదివారం నాణేల సేకరణ మీద సెమినారు, మీ సీటు రిజర్వు అయి ఉంది, తప్పక రండి అని. పోయిన ఏడాదే పేరు ఇచ్చుకున్నాడట.

నేను వెళ్తానన్నాను. పెద్దది మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది, లోకం తెలిసింది. అమ్మా, అక్కడ అందరూ ఇంగ్లీషు దంచుతారు, నువ్వెళ్లి ఏం చేస్తావు అంది. కూర్చుంటాను అన్నాను. ఏం అర్థమవుతుంది అంది. మనుషుల మొహాలు ఇంగ్లీషులో ఉండవు కదే అన్నాను.

బిళ్లలు బాగా తెలిసిన పెద్దాయన బిళ్లల మీటింగుకి రాకుండా ఎక్కడికి పోతాడు.

మార్చి 2, శనివారం

చీర ఇస్త్రీ చేశాను. ఎవరిని ఏమని అడగాలో అద్దం ముందు చెప్పుకున్నాను.

మార్చి 3, ఆదివారం, పొద్దున

హాలు మేడ మీద ఉంది. మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. కింద టేబుల్ దగ్గరున్న అమ్మాయి పేరు అడిగింది. చిన్నోడి పేరు చెప్పాను. వెతికి వాడి పేరు అచ్చు వేసిన బ్యాడ్జి ఇచ్చింది. అదేంటి, ఇది అబ్బాయి పేరు కదా అంది. వాళ్లమ్మని అన్నాను. ఆయన లేటుగా వస్తారా అంది. అవునన్నాను.

బ్యాడ్జి పెట్టుకున్నాను. పిన్ను జాకెట్టులోంచి గుచ్చుకుంటోంది. గుచ్చుకోనీ.

అదే రోజు, సాయంత్రం

ఇంటికొచ్చి గంట సేపు కుళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు రాస్తాను.

హాలు నిండా టేబుళ్లు. అద్దాల పెట్టెల్లో బిళ్లలు. జనం తలలన్నీ కిందికే, నేల మీద ఏదో పారేసుకున్నవాళ్లలా. వెనక వరసలో కూర్చున్నాను. నా పక్కకి ఒకావిడ వచ్చింది. మెడలో నల్ల తాడు, దానికి భూతద్దం. పోస్టాఫీసులో చేసి రిటైరైందట. అందరూ ఆమెని భూతద్దం మేడం అంటున్నారు. మొదటిసారా అంది. అవునన్నాను. భయపడకు, ఇక్కడున్న మగాళ్లకి ఏ రాజు ఏ సంవత్సరం పోయాడో తెలుసు, పెళ్లాం ఊరెళ్లి ఎన్నాళ్లయిందో తెలియదు అంది. నవ్వొచ్చింది. వాడు పోయాక నవ్వడం అదే మొదలు. వెంటనే తప్పు చేసినట్టు అనిపించింది. బిళ్లని ఎలా పట్టుకోవాలో కూడా ఆమే చూపించింది. మొహం మీద వేలు పెట్టకూడదు, కాలుతున్న గ్లాసుని పట్టుకున్నట్టు అంచులు పట్టుకోవాలట.

తర్వాత ప్రెసిడెంటు వచ్చాడు. బ్యాంకులో పెద్ద ఆఫీసరు చేసి రిటైరయ్యాడట. తెల్ల జుట్టు, తెల్ల చొక్కా, చేతులకి తెల్ల గ్లౌజులు. మనసులో గ్లౌజుల సారు అనుకున్నాను. గొంతు ఎంత మెత్తన అంటే నిద్రపోతున్న పిల్లలున్న ఇంట్లో మాట్లాడినట్టు. సగం ఇంగ్లీషైనా అర్థమవుతూనే ఉంది.

మొదటి మాట, కాయిన్‌ని ట్యూబులైటు కింద చూడకూడదన్నాడు. ట్యూబులైటు అబద్ధం చెబుతుందట. ఎండలో చూడాలి, నా దగ్గరికి ఎవరు ఏ కాయిన్ తెచ్చినా ముందు మేడ మీదకి తీసుకెళ్తాను అన్నాడు.

మేడ మీదకి. ఎండలో చూడటానికి మేడ ఎక్కడం తప్పేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

రెండో మాట, ఏ రెండు కాయిన్లూ ఒకలా ఉండవన్నాడు. ఒకే రోజు ఒకే అచ్చులో కొట్టినా వాటి మీద పడ్డ గీతలు వేరు. ఆ గీతలే దాని వేలిముద్ర, ఫోటో దాచుకుంటే పోయిన కాయిన్ లోకంలో ఎక్కడ తేలినా గుర్తుపట్టొచ్చు అన్నాడు. అందరూ రాసుకున్నారు. నేను డైరీ తీయలేదు. అవసరం కూడా పడలేదు.

మూడో మాట, తోమకూడదన్నాడు. లైట్లు ఆర్పించి, తోమితే ఏమవుతుందో చూడండి అంటూ తెర మీద ఒక బొమ్మ వేశాడు.

పడవ. తెరచాప తిరగబడ్డ పడవ. తలుపంత పెద్దది. అంతా తళతళ మెరుస్తోంది. ఒక మూల మాత్రం నల్లగా, గుండ్రంగా, బొటనవేలంత.

అది నా వేలు.

నా వేలు తెర మీద మనిషంత ఎత్తున ఉంది. నేను రుద్దిన గీతలు ఎడమ పక్క నుంచి వచ్చి ఆ వేలు దగ్గర ఆగిపోయాయి. నా చెయ్యి నాకు తెలియదా. ఇన్నేళ్లుగా తోమిన ప్రతి గిన్నె మీదా అదే చెయ్యి.

హాలంతా అయ్యో అంది. ఇలాంటివి లోకంలో పదిలోపే ఉన్నాయి, దీనికి పట్టిన గతి చూడండి అన్నాడు గ్లౌజుల సారు. ఏ గాడిద చేసిన పనండీ అని ముందు వరసలో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ గాడిదని నేనే అనబోయాను. భూతద్దం మేడం ముందు లేచింది. ఇది మీ దగ్గరుందని ఎప్పుడూ చెప్పలేదే ప్రెసిడెంటు గారూ, ఎక్కడ కొట్టేశారు అని ఎగతాళిగా అడిగింది. నాలుగేళ్లయింది మేడం, పాత ఇనప సామాన్ల కొట్లో దొరికింది, అప్పటికే ఇలా ఉంది అన్నాడు.

నాలుగేళ్లు. నేను దాన్ని తోమింది మొన్న జనవరిలో.

లైట్లు వేశాక ఎవరి మొహమూ కనపడలేదు నాకు. మేడం నా చెయ్యి పట్టుకుని టీ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమెకి అప్పుడు నా బ్యాడ్జి కనపడింది. చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మీటరబ్బాయి వాళ్లమ్మవా అంది. ఒకసారి వాళ్లింటికి మీటరు చూడ్డానికి వెళ్లి గంటసేపు బిళ్లలు చూస్తూ కూర్చున్నాడట. పోయాడని పేపర్లో చూసిందట, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆగమంటున్నా వినకుండా గ్లౌజుల సారుని పిలిచి, ఈమె ఫలానా అని చెప్పేసింది.

ఆయన కప్పు పెదవుల దగ్గరే ఆగింది. చాలా బాధాకరం అన్నాడు. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పేరు చూడటమే గానీ అబ్బాయిని ఎప్పుడూ కలవలేదు అన్నాడు. నేను అడగలేదు, కలిశారా అని. తర్వాత, మీరేం చేస్తుంటారమ్మా అన్నాడు.

క్యాంటీన్‌లో గిన్నెలు తోముతానండి అన్నాను.

ఆయన నా చేతుల వంక చూశాడు. ముందు ఎడమ చెయ్యి. తర్వాత కుడి చెయ్యి. కుడి చేతి బొటనవేలి మీద చూపు ఆగింది. కప్పు కింద పెట్టి వెళ్లిపోయాడు.

బాగా కదిలిపోయాడు పాపం అంది మేడం. ఇల్లు ఎక్కడ ఆయనది అన్నాను. ఇక్కడికి దూరమే, గోడౌన్ల రోడ్డు అంది. ఆ పడవని అన్నం తిన్నా, పడుకున్నా జేబులోనే పెట్టుకుంటాడని ఇందాక ఎవరో అంటున్నారు, ఇదొక జబ్బమ్మా మా అందరికీ, దాచుకోవాలనీ ఉంటుంది, చూపించుకోవాలనీ ఉంటుంది అంది.

మార్చి 4, సోమవారం

క్యాంటీన్‌లో గ్లాసు జారిపోయింది. నా చేతిలోంచి ఎప్పుడూ ఏదీ జారలేదు.

సాయంత్రం పెద్దదానికి చెప్పాను. నమ్మలేదు. నీకు అన్నిట్లో వాడే కనపడుతున్నాడమ్మా అంది. అలాగే అంటూనే చిన్నోడి ఫోను తెరిచింది. ఫోటో ఉంది. కింద జనవరి తేదీ, టైంతో సహా. క్లబ్బు వాళ్లు గ్రూపులో నిన్నటి వీడియో లింకు పెట్టారు. దాన్ని తన ఫోనులోకి పంపుకుని తెరిచి, పడవ దగ్గర ఆపింది. రెండు ఫోన్లూ నేల మీద పక్కపక్కన పెట్టింది. అదే వేలు. అవే గీతలు. పొడిలో ఇసక రేణువు ఉందేమో, తెరచాప కొయ్యని అడ్డంగా కోసుకుంటూ లోతుగా ఒక గీత. అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

పెద్దది నా ఒళ్లో తల పెట్టుకుని చిన్నప్పటిలా ముడుచుకుంది.

మార్చి 5, మంగళవారం

స్టేషన్‌కి వెళ్దామని వీడియో మళ్లీ తెరిచాం. తెరుచుకోలేదు. తీసేశారు. దాని చోట కొత్త వీడియో ఉంది. అందులో గ్లౌజుల సారు తోమకూడదు అంటాడు, వెంటనే అందరూ టీ తాగుతుంటారు. మధ్యది లేదు.

చూస్తుండగానే ఇంకో మెసేజ్ వచ్చింది. చిన్నోడి నంబరుని గ్రూపులోంచి తీసేశారని.

పోయినవాణ్ణి గ్రూపులో ఉంచి ఏం లాభం అని తీశారేమో. మరి ఇన్నాళ్లూ ఎందుకు తీయలేదు.

మార్చి 6, బుధవారం

ఎస్సై ఫోటో చూశాడు. సరేనమ్మా, ఇలాంటిదే ఆయన దగ్గరుంది అంటావు, మీ అబ్బాయే ఇచ్చాడంటాడు, అప్పుడేం చేద్దాం అన్నాడు. నాలుగేళ్లయిందని అందరి ముందూ చెప్పాడండీ అన్నాను. నోటి మాట, నోరు జారిందంటాడు అన్నాడు. రిటైర్డు ఆఫీసరు ఇంటి మీద ఊరికే పడలేం, పడే లోపు తెలిసిందంటే ఆ బిళ్ల ఏ కాలవలోనో ఉంటుంది అన్నాడు. కోపం రాలేదు నాకు. ఆ చివరి మాట నిజం.

బయటికి వస్తుంటే ఆడ కానిస్టేబుల్ వెంట వచ్చింది. మా పెద్దదాని వయసు ఉంటుంది. పిన్నీ, ఆ బిళ్ల ఆయన చేత్తో ఆయనే బయటికి తీయాలి, నాలుగేళ్ల మాట నేను వింటుండగా మళ్లీ అనాలి, అంతే, చావు మాట మాత్రం నువ్వు ఎత్తొద్దు అంది. ఎస్సైని నేను చూసుకుంటాను అంది.

ఆయన నా ముందుకు ఎందుకొస్తాడు అన్నాను. వస్తాడు పిన్నీ, వీడియో తీసేయించినవాడు ఊరుకోడు అంది.

మార్చి 7, గురువారం

ఫోను చేశాడు. నా నంబరు ఎవరు ఇచ్చారో.

అబ్బాయి కలెక్షన్ ఇంట్లో అలా పడి ఉండకూడదమ్మా, నేను వచ్చి చూసి సర్ది పెడతాను అన్నాడు. క్లబ్బు పత్రికలో వాడి గురించి ఒక పేజీ వేస్తారట. అందుకు ఫోటోలు కావాలట. అబ్బాయి ఫోను మీ దగ్గరే ఉందా అన్నాడు. ఉందండి, నాకు తెరవడం రాదు అన్నాను. నాకిచ్చేయండి, నేను తెరిపించి జాగ్రత్తగా మళ్లీ ఇస్తాను అన్నాడు. ఆదివారం వస్తాను, అమ్మాయి డ్యూటీ పాడు చేసుకోనక్కర్లేదు, మీరుంటే చాలు అన్నాడు.

ఇస్తానండి, మీ పడవ బిళ్ల ఒక్కసారి చేతిలో పెట్టుకుని చూడనిస్తారా, మా వాడికి పడవలంటే ఇష్టం అన్నాను.

పెట్టేశాడనుకున్నాను. ఊపిరి వినపడింది. అలాగేనమ్మా, ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది అన్నాడు.

మార్చి 8, శుక్రవారం

టైలరమ్మ చెప్పింది. ఎవరో పెద్దమనిషి మధ్యాహ్నం వీధి చివర ఎండలో నిలబడి మన వాటా వంక చూస్తున్నాడట. చొక్కా జేబులోంచి తెల్ల గ్లౌజుల వేళ్లు బయటికి వేలాడుతున్నాయట.

మార్చి 9, శనివారం

అంతా అనుకున్నాం. మా వంటింటి వెనక తలుపూ, టైలరమ్మ వంటింటి వెనక తలుపూ ఒకే పెరట్లోకి తెరుచుకుంటాయి. కానిస్టేబుల్ మామూలు బట్టల్లో టైలరమ్మ ఇంట్లో ఉంటుంది. పెద్దదీ అక్కడే. గోడ పక్కన కూర్చుంటే ముందుగదిలో గట్టిగా అన్న మాట వినపడుతుంది.

గుర్తు ఏం పెట్టుకుందాం అంది కానిస్టేబుల్. అరిస్తే సరిపోదా అన్నాను. అరిచే టైం ఉండకపోవచ్చు పిన్నీ అంది. ఆ మాటకి పెద్దది లేచి బయటికి వెళ్లిపోయింది. టైలరమ్మే చెప్పింది. దీని కుళాయి ఆగిందంటే నాకు నిద్రలో కూడా తెలుస్తుంది, అదే పెట్టుకోండి అంది. కుళాయి పోతున్నంతసేపూ రాకూడదు. కట్టేస్తే రావాలి.

వెనక తలుపుకి గడియ పెట్టకూడదు. మరిచిపోకూడదు.

మార్చి 10, ఆదివారం, పొద్దున

చెప్పిన టైం కంటే ముందే వచ్చాడు. కిటికీలోంచి కనపడుతున్నాడు. చెప్పులు విప్పి, రెండూ పక్కపక్కన పెట్టి, వంకరగా ఉన్నాయని మళ్లీ ఒంగి సర్దుతున్నాడు. కుళాయి తిప్పేశాను. వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

ఇప్పుడే రాయాలి.

లోపలికి వచ్చి తలుపు ఆయనే వేశాడు. గడియ కూడా పెట్టాడు. దుమ్ము వస్తోందమ్మా అన్నాడు. అమ్మాయి లేదా అన్నాడు. డ్యూటీ అన్నాను. ఫోను ఏదీ అన్నాడు. కూర్చోకుండానే అడిగాడు.

ముందు పడవ చూపించండి అన్నాను. నవ్వాడు. గ్లౌజులు తొడుక్కున్నాడు. లోపలి జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీశాడు. ఇలాగే చూడండి అన్నాడు. చేతిలో పెడతానన్నారు కదండీ అన్నాను. మూత తీశాడు. తుడవకూడదు సుమా అన్నాడు.

చల్లగా ఉంది. మేడం చెప్పినట్టు అంచులు పట్టుకున్నాను. తర్వాత ఉండబట్టలేక కుడి బొటనవేలు ఆ నలుపు మీద పెట్టాను. గిన్నెకి దాని మూత కూర్చున్నట్టు కూర్చుంది.

ఎక్కడిదండీ ఇది అన్నాను. నీళ్ల చప్పుడుకి ఆయనకి వినపడలేదు. గట్టిగా అడిగాను. ఆయనా గట్టిగానే చెప్పాడు. ఆ రోజు చెప్పాను కదమ్మా, నాలుగేళ్ల కింద ఇనప సామాన్ల కొట్లో కొన్నాను అని. గోడ అవతల మిషను చప్పుడు టక్కున ఆగింది.

అప్పుడు చిన్నోడి ఫోను తీసి ఫోటో చూపించాను. పెద్దది నాకు రాత్రంతా నేర్పింది, ఎక్కడ నొక్కాలో.

ఆయన చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. చావు మాట ఎత్తలేదు. ఆయన మొహంలో కోపం లేదు. కోపం ఉంటే ఇంత భయం వేసేది కాదు. లెక్క తేలని కాగితాన్ని ఆఫీసరు చూసినట్టు చూశాడు. ఆ మెత్తని గొంతుతోనే, ఈ ఫోటో ఇంకెవరు చూశారమ్మా అన్నాడు.

ఎవరూ చూడలేదండి అన్నాను.

అమ్మాయి అన్నాడు. దానికి ఈ ఫోను ముట్టుకుంటేనే ఏడుపు అన్నాను.

తల ఊపాడు. ఫోను తన జేబులో వేసుకున్నాడు. బిళ్ల ఇవ్వమని చెయ్యి చాపాడు. నేను గుప్పిట మూశాను. ఆయన లేచి నాకూ వంటింటి గుమ్మానికీ మధ్య నిలబడ్డాడు. కుళాయి పోతూనే ఉంది. కట్టేయాలంటే ఆయన్ని దాటి వెళ్లాలి. ఇది మాలో ఎవరమూ అనుకోలేదు. అరవడం మరిచి గుప్పిట ఇంకా బిగించాను. మేడ అంచున వాడికీ ఇలాగే అయిందేమో అనుకున్నాను.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మొహం చిట్లించాడు. ఏమిటమ్మా ఈ గోల, మనిషి మాట మనిషికి వినపడకుండా, నీళ్లన్నీ వృథా అన్నాడు.

వంటింట్లోకి వెళ్లి, ఆ తెల్ల గ్లౌజు చేత్తో, కుళాయి ఆయనే కట్టేశాడు.

మార్చి 19, మంగళవారం

స్టేషన్‌లో గ్లౌజుల సారు, తోయలేదంటున్నాడట. లాక్కున్నానంతే అంటున్నాడట. ఎంత ఇస్తానన్నా వాడు ఇవ్వనన్నాడట. దాని మీద మా అమ్మ వేలుందండీ అన్నాడట.

బిళ్ల స్టేషన్‌లో ఉంది. కవర్లో పెట్టి లక్క వేశారు. ఎవరూ దాన్ని తుడవకండి అని చెప్పి వచ్చాను.